తెలిసిన ఇంట క్రొత్త వస్తువు

గాదె ప్రక్కన బోను పెట్టి, అందు కొబ్బరిముక్క గ్రుచ్చి, తెల్లవారి చూచునప్పటికి ముక్క చెక్కుచెదరక యుండుట గృహస్థులకు తెలిసినదే. మన మాటలు ఎలుక విన్నదని పెద్దలు పరిహాసమాడుటయు కలదు. అసలు సంగతి వేరు: నిన్న లేని వస్తువు నేడచ్చట నున్నది.

ఎలుక చూపు మందము. గోడవెంట మీసములు రాచుకొనుచు, వాసన పట్టుచు, రాత్రి రాత్రియు అవే దారులలో తిరుగును. ఆ దారులు దానికి కంఠపాఠము. నడుమ ఒక ఇటుక అడ్డుపడిన చాలును, నిలిచిపోవును, మెడ చాచి మూర్కొనును, వెనుకకు పరుగిడును, మరల వచ్చును. కొన్ని ఎలుకలు దినములతరబడి ఆ చాయలకే పోవు.

ఎస్. ఏ. బార్నెట్ అను జంతుశాస్త్రజ్ఞుడు ఇట్టి ఎలుకలను పరిశీలించి 1963లో గ్రంథము ప్రకటించెను. అందొక విచిత్రము కలదు. పూర్తిగా క్రొత్తచోట విడిచినచో ఎలుక మూలమూలలు వెదకి చూచును. ఎరిగిన చోట క్రొత్త వస్తువు కనబడిననే జంకును. పోల్చుకొనుటకు పూర్వపు రూపు మనసున నున్నప్పుడే గదా మార్పు మార్పుగా తోచుట! ప్రయోగశాలలో తరతరములుగా పెరిగిన తెల్ల ఎలుకకు ఈ జంకు మిక్కిలి తక్కువ. మనుష్యుల బోనులను, విషములను తప్పించుకొన్న పిరికివే ఊళ్లలో సంతతి నిలిపినవని మా ఊహ. చిట్టెలుక తీరు వేరు; అది క్రొత్తదానిని చూడ త్వరపడును, కావుననే మొదటిరాత్రియే చిక్కును.

ఆ పూర్వపు రూపు మెదడులో ఎచ్చట నుండును? లండనులో జాన్ ఓకీఫ్ 1971లో ఎలుక మెదడునందు, అది ఒకానొక తావున నున్నపుడే చురుకుగా పనిచేయు కణములను కనుగొనెను. 1976లో మరికొన్నిటిని వర్ణించెను: ఉండవలసినది లేకున్నను, లేనిది వచ్చి చేరినను, ఆ చోట మూర్కొనునపుడు ఇవి విజృంభించును. 2014లో ఆయనకు మరి ఇరువురితో నోబెల్ బహుమానము లభించినది.

పొలములలో ఎలుకలను పట్టువారు ఈ జంకును ఎరిగినవారే. ముందు రెండుమూడు దినములు నూనె కలిపిన వట్టి నూకలు పెట్టుదురు; అలవాటుపడిన పిదపనే మందు కలుపుదురు. తొందరపడి మొదటనే కలిపినచో, ఎలుక కొంచెము కొరికి, జబ్బుపడి బ్రతికి, ఆ మేతను మరల ముట్టదు.

ఇంటిలో విషము వలదు; పసిపిల్లలు తిరుగు చోటు. బోను తలుపు పడకుండ కట్టి, ప్రతిరాత్రి మేత పెట్టుచు, ఎలుక నిర్భయముగా తినిపోవు వరకు వేచియుండవలెను. అటుపిమ్మట కట్టు విప్పవచ్చును. ఈలోగా ఊడ్చుటకని బోనును జరుపరాదు. జరిపితిరా, అది మరల క్రొత్త వస్తువే.