కూల్చేసిన మిల్లు దూలాలకు కొత్త కలప కంటే ఎక్కువ రేటు.. కారణం ఏంటంటే?

పైన్ చెక్క అంటే మనకు గుర్తొచ్చేది ప్యాకింగ్ పెట్టెలే. గోరుతో గీకితే గీత పడుతుంది. కానీ అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో వందేళ్ల కిందటి బట్టల మిల్లును కూల్చేస్తే చాలు.. అందులోని పైన్ దూలాల కోసం కలప వ్యాపారులు వాలిపోతారు.

దాని పేరు హార్ట్ పైన్. అంటే లాంగ్‌లీఫ్ పైన్ చెట్టు చేవ. వర్జీనియా నుంచి టెక్సాస్ దాకా ఒకప్పుడు సుమారు 9 కోట్ల ఎకరాల్లో ఈ అడవులు ఉండేవి. సారం లేని ఇసుక నేలల్లో చెట్లు మెల్లగా, 200, 300 ఏళ్లు పెరిగేవి. అందుకే వలయాలు దగ్గరగా పడేవి, చేవ గట్టిపడేది, రెసిన్ నిండేది. గట్టిదనంలో ఇది రెడ్ ఓక్‌కు దాదాపు సమానం!

1870ల నుంచి 1920ల దాకా ఆ అడవుల్ని నరికేశారు. మిగిలింది 3 శాతం వరకే. మళ్లీ నాటుతున్నారు, నిజమే. కానీ 30 ఏళ్లకే కొట్టే చెట్టుకు చేవ ఎక్కడిది? జాతి అదే అయినా కలప అది కాదు. అందుకే పాత దూలాలకు ఆ గిరాకీ. అప్పట్లో దుంగల్ని నదుల్లో తేలుస్తూ కోత మిల్లులకు పంపేవారు. బరువుకు మునిగిపోయినవి ఇప్పటికీ బురదలో చెడకుండా ఉన్నాయి. ఫ్లోరిడాలో పర్మిట్ తీసుకుని మరీ వాటిని పైకి లాగుతున్నారు.

గిరాకీ ఉన్నచోట మోసమూ ఉంటుంది కదా.. కొత్త పైన్‌కు రంగు పూసి, మేకు రంధ్రాలు కొట్టి 'యాంటిక్' అనేస్తారు. రంగు చూసి మోసపోవద్దు, పలక చివరి కోత చూడాలి. అంగుళం వెడల్పులో మూడు నాలుగు వలయాలే ఉంటే అది తొందరగా పెరిగిన చెట్టు. లెక్కపెట్టడానికి కళ్లజోడు కావాల్సి వస్తే అసలుది.

అసలుదైనా నేరుగా వాడేయకూడదు. లోపల విరిగిన మేకులు ఉంటాయి, మెటల్ డిటెక్టర్ పెట్టకుండా కోస్తే రంపం పళ్లు ఊడతాయి. పురుగు చావడానికి, తేమ పోవడానికి బట్టీలో ఆరబెట్టాలి. పాత బోల్టు రంధ్రాలు, గాడులు దూలం బలాన్ని తగ్గిస్తాయి. కాబట్టి కప్పు బరువు మోయించాలంటే మళ్లీ గ్రేడింగ్ చేయించాల్సిందే.

ఇంకోటి, పాత పెయింట్. ఇళ్లకు వాడే సీసం రంగుల్ని అమెరికా 1978లో నిషేధించింది. ఈ దూలాలు అంతకంటే చాలా పాతవి. పరీక్ష చేయించకుండా ఇంట్లో కూర్చుని గీకితే, ఆ సీసం దుమ్ము ముందుగా దెబ్బతీసేది పసిపిల్లల్నే.