టర్బో లేని ఇంజను: అదనపు శక్తి ఎక్కడి నుండి వస్తుంది?

2019 మోడల్‌ కోసం మాజ్దా సంస్థ తన చిన్న స్పోర్ట్స్ కారు ఎమ్ఎక్స్-5 మియాటా ఇంజనును సవరించింది. అమెరికాలో అమ్మే ఆ కారు శక్తి 155 నుండి 181 అశ్వశక్తికి పెరిగింది. ఆ ఇంజనుకు టర్బోచార్జర్ లేదు, సూపర్‌చార్జర్ లేదు. సిలిండర్ల ఘనపరిమాణం కూడా మారలేదు. మునుపటిలాగే 1998 ఘన సెంటీమీటర్లు. ఇంకా ఆశ్చర్యం కలిగించేది మరొకటి ఉంది. శక్తి ఆరో వంతు పెరిగినా, గరిష్ఠ టార్క్ మాత్రం 200 న్యూటన్-మీటర్ల నుండి 205కే చేరింది. మరి ఆ 26 అశ్వశక్తులు ఎక్కడి నుండి వచ్చాయి? ఇలాంటి ఇంజనుకు బలం పెంచాలనుకునే యజమాని విడిభాగాలు కొనే ముందే తెలుసుకోవలసిన విషయం ఇదే.

ఇంజనులోకి పెట్రోలు ఎక్కువగా పంపడం కష్టం కాదు. దాన్ని కాల్చడానికి తగిన గాలిని పంపడమే కష్టం. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. టర్బో, సూపర్‌చార్జర్ రెండూ గాలిని అదిమి సిలిండర్లలోకి తోస్తాయి. అవి లేని ఇంజనులోకి గాలిని నెట్టేది వాతావరణ పీడనం ఒక్కటే. రెండు లీటర్ల ఇంజను ప్రతి రెండు చుట్లకు దాదాపు రెండు లీటర్ల గాలిని మాత్రమే పీల్చుకోగలదు. అందుకే సముద్రమట్టానికి 1600 మీటర్ల ఎత్తున, గాలి సుమారు 15 శాతం పలుచగా ఉండే డెన్వర్ నగరంలో ఇటువంటి కారు దాదాపు అంతే నిష్పత్తిలో శక్తిని కోల్పోతుంది. ఒక్కో చుట్టుకు అందే గాలికి హద్దు ఉంది కాబట్టి, ఒక్కో చుట్టులో పుట్టే మెలితిప్పు బలానికి, అంటే టార్క్‌కు, కూడా హద్దు ఉంటుంది.

అయితే శక్తి అంటే టార్క్ ఒక్కటే కాదు. టార్క్‌ను భ్రమణ వేగంతో గుణిస్తే వచ్చేది శక్తి. మాజ్దా పాత ఇంజను 155 అశ్వశక్తిని నిమిషానికి 6000 చుట్ల దగ్గర ఇచ్చేది. కొత్తది 181 అశ్వశక్తిని 7000 చుట్ల దగ్గర ఇస్తుంది. వెనక్కి లెక్క కడితే, ఈ రెండు చోట్లా టార్క్ 184 న్యూటన్-మీటర్లే! పాత ఇంజను 6000 దగ్గర చూపిన బలాన్ని కొత్త ఇంజను 7000 దాకా నిలుపుకుంది. లాభమంతా అక్కడిదే.

నిలుపుకోవడం సులభం కాదు. 6000 చుట్ల వేగంలో పిస్టన్ ఒకసారి కిందికి దిగి గాలిని పీల్చడానికి పట్టే కాలం సెకనులో రెండువందలో వంతు. వేగం పెరిగేకొద్దీ ఆ వ్యవధి ఇంకా తరుగుతుంది. సిలిండర్ సగం ఊపిరితోనే పనిచేయవలసి వస్తుంది. అందువల్ల మాజ్దా ఇంజనీర్లు థ్రాటిల్‌ను, ఎగ్జాస్ట్ వాల్వులను పెద్దవి చేశారు. గాలి ప్రవేశించే మార్గాలను సవరించారు.

వాల్వులను తెరిచి మూసే కామ్‌షాఫ్ట్ ఆకృతి కూడా ఇక్కడ కీలకం. గాలికి జడత్వం ఉంది. ఇంజను వేగంగా తిరుగుతున్నప్పుడు, పిస్టన్ పైకి మళ్ళిన తర్వాత కూడా గాలి ఆ ఊపులో లోపలికి వస్తూనే ఉంటుంది. వాల్వును కాస్త ఆలస్యంగా మూస్తే ఆ అదనపు గాలి దక్కుతుంది. తక్కువ వేగంలో అదే ఆలస్యం చేటు చేస్తుంది: లోపలికి వచ్చిన గాలి వెనక్కి పోతుంది, ఇంజను నిలకడ తప్పుతుంది. కాబట్టి కామ్‌షాఫ్ట్‌ను ఎంచుకోవడమంటే ఇంజను ఏ వేగంలో బాగా ఊపిరి తీయాలో ఎంచుకోవడమే. 1989లో హోండా ప్రవేశపెట్టిన వీటెక్ పద్ధతి, రెండు వేగాలకు రెండు కామ్ ఆకృతులను అమర్చి, ఈ చిక్కును కొంత విప్పింది.

వేగానికి చెల్లించవలసిన అసలు మూల్యం లోహానిది. మియాటా ఎర్రగీత 6800 నుండి 7500కు జరిగింది. ఆ వేగంలో ఒక్కో పిస్టన్ సెకనుకు 250 సార్లు ఆగి దిశ మార్చుకుంటుంది. దానివల్ల కనెక్టింగ్ రాడ్ మీద పడే జడత్వ బలం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. అంటే 10 శాతం వేగానికి దాదాపు 22 శాతం అదనపు భారం. అందుకే ఒక్కో పిస్టన్ బరువు 27 గ్రాములు, రాడ్ బరువు 41 గ్రాములు తగ్గించారు. ఈ పని చేయకుండా, కంప్యూటర్‌లో హద్దును మాత్రం పైకి జరిపే యజమాని ఇంజను ప్రాణంతో పందెం కాస్తున్నట్టే.

మిగిలిన మార్గాలు రెండు. మొదటిది సంపీడన నిష్పత్తిని పెంచడం. దాన్ని 10 నుండి 11కు పెంచితే ఆదర్శ గణితం ప్రకారం దక్కేది రెండున్నర శాతం. ఆపైన ఇంధనం తనంతట తాను మండి ఇంజనును దెబ్బతీసే ప్రమాదం ఎదురుగా ఉంటుంది. మియాటా నిష్పత్తి ఇప్పటికే 13. రెండవది ఘనపరిమాణాన్ని పెంచడం. 2004లో హోండా అమెరికాలో అమ్మే ఎస్2000 ఇంజనులో పిస్టన్ ప్రయాణదూరాన్ని 84 నుండి 90.7 మిల్లీమీటర్లకు పెంచింది. టార్క్ 208 నుండి 220 న్యూటన్-మీటర్లయింది. కాని పొడవైన ప్రయాణం అంత వేగాన్ని ఓర్చుకోదు కనుక, 9000 దగ్గరి ఎర్రగీత 8000కు దిగింది. గరిష్ఠ శక్తి మాత్రం 240 అశ్వశక్తి దగ్గరే ఉండిపోయింది. అయినా రోజువారీ ప్రయాణంలో ఆ రెండవ ఇంజనే సులువుగా స్పందిస్తుంది.

ఈ ఉదాహరణలు కారు యజమానికి రెండు సంగతులు చెబుతాయి. ఇంజను ఊపిరి ఒక గొలుసు. అందులో ఒక్క కొక్కాన్ని మార్చి ఫలితం ఆశించకూడదు. మిగతా దారి ఇరుకుగానే ఉంటే, ఖరీదైన ఎయిర్ ఫిల్టర్ కొన్నవారికి ప్రధానంగా దక్కేది శబ్దం. వాల్వులు, కామ్‌షాఫ్ట్, స్ప్రింగులు, ఎగ్జాస్ట్ గొట్టాలు, కంప్యూటర్ అమరిక అన్నీ ఒకే వేగాన్ని లక్ష్యంగా పెట్టుకుని కలిసి మారాలి. దారి విశాలం చేయాలని కాటలిటిక్ కన్వర్టర్‌ను తీసివేయడం మాత్రం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం.

రెండవది, ఈ విధంగా పెరిగిన శక్తి ఎర్రగీతకు దగ్గరలో, చివరి వెయ్యి చుట్లలోనే నివసిస్తుంది. ఆఫీసుకు వెళ్ళివచ్చే దారిలో ఇంజను ఎక్కువసేపు 2000, 3000 చుట్ల మధ్యే తిరుగుతుంది. రేస్ ట్రాక్ మీద తరచుగా నడిపేవారికి ఆ చివరి వెయ్యి చుట్లు వేల డాలర్లకు తగినవి కావచ్చు. ట్రాఫిక్ దీపాల మధ్య నడిపేవారు మాత్రం అంత డబ్బు పోసి, ఎప్పుడో తప్ప తెరవని గదిని ఇంటికి కట్టించుకున్నట్టవుతుంది.