కండెలు చుట్టే అవ్వ

గోనెగండ్ల నుంచి కాస్త దూరం వెళ్తే ఎమ్మిగనూరు వస్తుంది. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘాన్ని నిలబెట్టిన ఊరది. మగ్గం మీద కూర్చున్న నేతన్న అందరికీ కనిపిస్తాడు. కాని నూలుకు రంగు అద్దినవారు, పడుగు సిద్ధం చేసినవారు, మూలన కూర్చొని కండెలు చుట్టిన అవ్వ లేకపోతే ఆయన చెయ్యి ఆడదు. ‘నాదేం పనిలే’ అని అవ్వ లేచిపోతే చీర సగంలోనే ఆగిపోతుంది.

కొరింథు సంఘంలో ఈ చిక్కే వచ్చింది. భాషలతో మాట్లాడే వరమున్నవారు తామే గొప్పవారమనుకున్నారు. అది లేనివారు తామెందుకూ పనికిరామని కుంగిపోయారు. పౌలు వారికి మానవ శరీరాన్ని చూపించాడు. బలహీనంగా కనిపించే అవయవాలే మరింత అవసరమన్నాడు (1 కొరింథీ 12:22). అపొస్తలులు, ప్రవక్తలున్న వరుసలోనే ఉపకారాలు చేసేవారినీ చేర్చాడు (12:28). అంతకు ఎన్నో శతాబ్దాల ముందు ప్రత్యక్ష గుడారపు పనికోసం దేవుడు బెసలేలును తన ఆత్మతో నింపాడు. దేవుడిచ్చిన ఆ నేర్పులలో నేతపని కూడా ఉంది (నిర్గమ 35:31–35). మగ్గం పని కూడా ఆత్మ ఇచ్చిన వరమేనన్నమాట!

మన పెద్దలు ధాత కరువని చెప్పుకొనే 1876–78 కరువు ఇక్కడి పల్లెలతోపాటు ఒంగోలు ప్రాంతాన్నీ కుదిపేసింది. అక్కడి మిషనరీ జాన్ క్లౌ సర్వే పని తెలిసినవాడు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టు తీసుకొని ఆకలితో ఉన్నవారికి కూలి దొరికేలా చేశాడు. 1878 జూలై 3న వెలంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో దిగి బాప్తిస్మమిచ్చింది ఆరుగురు బోధకులు, ఇద్దరేసి చొప్పున. ఆ పంట ఒక్కరోజులో పండలేదు. 1836లో వచ్చిన శామ్యూల్ డే, ఆ తర్వాతి లైమన్ జూయెట్ ఏళ్ల తరబడి పెద్దగా ఫలం చూడకుండానే విత్తారు. ఒకరు నాటితే మరొకరు నీళ్లు పోశారు, వృద్ధి కలిగించింది దేవుడే (1 కొరింథీ 3:6).

మన చర్చిల్లో మైకు పట్టుకున్న వరానికే మర్యాద ఎక్కువ. కాని సుగ్గికి సంసారాలు గుంటూరు మిరప చేలకు కదిలినప్పుడు పల్లెలో మిగిలేది ముసలివారు, పిల్లలే. మనవలకు ఇంత సంగటి పెట్టి, చర్చి ఊడ్చి, దీపం వెలిగించి, వెళ్లినవారి పేర్లు ఒక్కొక్కటే తలచుకొని ప్రార్థించే అవ్వది పరిచర్య కాదా? ఆమెకు పాట రాదు, ప్రసంగం రాదు. అయినా వలస వెళ్లినవారు తిరిగొచ్చేదాకా సంఘం తెగిపోకుండా పట్టుకున్న నూలుపోగు ఆమే.

వరమున్నవారు గర్వించడానికి లేదు, అది ఇచ్చినవాడు దేవుడు. లేదనుకొనేవారు కుంగిపోనక్కరలేదు, ఆయన ఎవరినీ వట్టి చేతులతో పంపలేదు. ఈ ఆదివారం మీ చర్చిలో కండెలు చుట్టే ఆ అవ్వ ఎవరో వెతకండి. ఆమెకొక మంచి మాట చెప్పండి. ఒకవేళ ఆ అవ్వ మీరే అయితే, లేచిపోకండి. చీర ఇంకా మగ్గం మీదే ఉంది!