బండి కొడుతోందా? లెక్క వేసి చూద్దాం

షోరూమ్ ముందు నున్నటి రోడ్డు. పక్క సీట్లో సేల్స్‌మన్, వెనక సీటు ఖాళీ. రెండు కిలోమీటర్లు తిప్పి చూసి ‘బండి నేలకు అతుక్కుని పోతోంది’ అని మురిసిపోయి అడ్వాన్సు కట్టేస్తాం. నెల తిరక్కుండానే వెనక కూర్చున్న అమ్మ నడుం పట్టుకుని ‘ఇదేం బండిరా, ఇంతలా కొడుతోంది’ అంటుంది. ఇద్దరి మాటా నిజమే. ఇద్దరూ మాట్లాడుతున్నది ఒకే సస్పెన్షన్ గురించి. ఆ గట్టిదనం ఎంత, అది బండిలో ఎక్కడ ఉంది అన్నది తేలితేనే తగవు తీరుతుంది. దానికి కొంచెం లెక్క కావాలి. పదో తరగతి లెక్కలు చాలు.

నాలుగు చక్రాల బండిలో ఒక్క చక్రాన్నే తీసుకుందాం. దాని స్ప్రింగు మీద 300 కిలోల బాడీ బరువు ఆనిందనుకోండి. ఆ స్ప్రింగు ఒక సెంటీమీటరు అణగాలంటే 20 కిలోల బరువు కావాలి. అంటే 300 కిలోలకు అది 15 సెంటీమీటర్లు కుంగి నిలబడుతుంది. ఈ కుంగుడు తెలిస్తే బండి సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో చెప్పేయొచ్చు. 5ని ఆ సెంటీమీటర్ల వర్గమూలంతో భాగించడమే. 15కి వర్గమూలం 3.87 కనుక జవాబు దాదాపు 1.3. సెకనుకు 1.3 ఊపులు, అంటే 1.3 హెర్ట్జ్. ఇది మెత్తగా పోయే కుటుంబ కారు లెక్క.

ఇప్పుడు స్ప్రింగును ఒకటిన్నర రెట్లు గట్టిగా వేద్దాం. సెంటీమీటరుకు 30 కిలోలు, కుంగుడు 10 సెంటీమీటర్లు, ఊపు 1.6 హెర్ట్జ్. ఇంకా బిగించి 48 కిలోలకు తీసుకెళ్తే కుంగుడు 6.25 సెంటీమీటర్లకు తగ్గి ఊపు 2 హెర్ట్జ్ అవుతుంది. రేసు బండి పోకడ ఉన్న కార్ల వైపు వచ్చేశామన్నమాట. స్ప్రింగు 50 శాతం గట్టిపడితే ఊపు పెరిగింది 22 శాతమే. కాగితం మీద చిన్న తేడాయే. నడుముకు మాత్రం చిన్నది కాదు.

నడిచేటప్పుడు మనం సెకనుకు రెండడుగుల లోపు వేస్తాం. ఆ లయ చుట్టుపక్కల ఉండే ఊపు ఒంటికి అలవాటే. నిలువుగా వచ్చే కంపనాల్లో మనిషిని ఎక్కువగా బాధించేవి 4 నుంచి 8 హెర్ట్జ్ మధ్యవి. పొట్టలోని అవయవాలు, వెన్ను ఆ లయకే ఎక్కువగా కదులుతాయి. శరీరానికి తగిలే కంపనాలను కొలవడానికి ఉన్న ఐఎస్‌ఓ 2631 ప్రమాణం కూడా ఈ పట్టీకే ఎక్కువ బరువు వేస్తుంది. కాబట్టి సుఖం సంగతి తేల్చాలంటే అడగాల్సింది ఒకటే: రోడ్డు నుంచి వచ్చే 5 హెర్ట్జ్ కదలికలో సస్పెన్షన్ ఎంత మింగుతోంది, ఎంత మన దాకా పంపుతోంది?

రోడ్డు మీద 5 హెర్ట్జ్ ఎక్కడుంటుంది? సిమెంటు రోడ్డునే చూడండి. పలకల మధ్య అడ్డంగా కోసే గీతలు సాధారణంగా 4.5 మీటర్లకొకటి ఉంటాయి. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22.2 మీటర్లు. 4.5తో భాగిస్తే 4.9. అంటే హైవే మీద మనం హాయిగా పోయే వేగంలోనే, ఆ గీతలు ఒంటికి పడని లయలో టకటకమని తగులుతుంటాయి. చాలామంది ‘టైర్లు బాగోలేవేమో’ అనుకునే చికాకుకు అసలు కారణం తరచుగా ఇదే.

రోడ్డు ఆ లయలో 3 మిల్లీమీటర్లు పైకి, 3 మిల్లీమీటర్లు కిందికి చక్రాన్ని అలలా కదిలిస్తోందని అనుకుందాం. మామూలు షాకబ్సార్బర్‌తో 1.3 హెర్ట్జ్ బండి అందులో 18 శాతం మాత్రమే బాడీకి పంపుతుంది. 1.6 బండి 23 శాతం, 2 హెర్ట్జ్ బండి 33 శాతం. త్వరణంలోకి మారిస్తే సగటున 0.37, 0.49, 0.69 మీటర్లు/సెకను². ఐఎస్‌ఓ ప్రమాణం ప్రకారం 0.315 లోపు ఉంటే ఇబ్బంది లేనట్టు. 0.5 దాటితే ఓ మోస్తరు ఇబ్బంది కిందే లెక్క. అదే రోడ్డు, అదే వేగం, అదే మనిషి. స్ప్రింగు మారేసరికి కొద్దిపాటి ఇబ్బంది నుంచి ఓ మోస్తరు ఇబ్బందిలోకి జరిగిపోయాడు.

ఇంతవరకు స్ప్రింగు గురించే చెప్పాను. నిజానికి ‘బండి గట్టిగా ఉంది’ అన్నప్పుడు చాలాసార్లు దోషం స్ప్రింగుది కాదు, షాకబ్సార్బర్‌ది. ఈ భాగం నిదానంగా చదవమని మనవి.

స్ప్రింగు ఊపును దాచుకుంటుంది, షాకబ్సార్బర్ ఆ ఊపును చంపుతుంది. ఎంత గట్టిగా చంపుతుందో చెప్పడానికి ఇంజినీర్లు ఒక నిష్పత్తి వాడతారు. సున్నా అంటే బండి ఊగుతూనే ఉంటుంది, 1 అంటే ఒక్కసారి కూడా ఎదురు ఊగకుండా ఆగిపోతుంది. మామూలు కార్లలో ఇది 0.3 అటూఇటూ ఉంటుంది. బండి సొంత లయకు సరిగ్గా కలిసే పెద్ద అల రోడ్డు మీద వచ్చిందనుకోండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో అది దాదాపు 13 మీటర్ల పొడవు అల, వంతెన దాటగానే కుంగిన చోట్ల కనిపించే రకం. 0.3 ఉన్న బండి ఆ అలను 1.9 రెట్లు చేసి ఊగుతుంది. షాకబ్సార్బర్‌ను 0.6కు బిగిస్తే 1.3 రెట్లే. ఆయిలు కారిపోయి 0.1కి పడిపోతే 5 రెట్లు. పాతబడ్డ కారు ‘పడవలా ఊగుతోంది’ అంటామే, అది ఇదే. దాన్ని మెత్తదనమని పొరబడకండి. బ్రేకు వేసినప్పుడు, పక్కకు తప్పించినప్పుడు అదే బండి చేతిలోంచి జారిపోతుంది.

అలాగైతే బిగించడమే మంచిది కదా అనిపిస్తుంది. మళ్లీ 5 హెర్ట్జ్ దగ్గరికి రండి. స్ప్రింగు ఆ మెత్తని 20 కిలోలదే, షాకబ్సార్బర్ మాత్రం 0.6. సిమెంటు గీతల కదలికలో ఇప్పుడు బాడీకి చేరేది 18 శాతం కాదు, 32. అంటే మెత్తని స్ప్రింగు ఉన్నా, బిగుసుకున్న షాకబ్సార్బర్ వల్ల 2 హెర్ట్జ్ బండి కొట్టినంతా కొడుతుంది. పెద్ద ఊపులో మేలు చేసిన బిగువే చిన్న గతుకులో కీడు చేస్తుంది. ఈ రెంటికీ రాజీ కుదర్చడంలోనే ఒక కంపెనీ పనితనం బయటపడుతుంది. 1962లో వచ్చిన లోటస్ ఎలాన్ కారు మెత్తని స్ప్రింగులతోనే మలుపుల్లో పేరు తెచ్చుకుంది. 2017లో మన దేశంలో దిగిన జీప్ కంపాస్‌లో వేగంగా వచ్చే చిన్న కుదుపులకు వదులయ్యే, నిదానంగా వచ్చే పెద్ద ఊపుకు బిగిసే షాకబ్సార్బర్లు పెట్టారు. పై లెక్కకు అదొక జవాబు.

ఇక మలుపుల సంగతి. కొండ రోడ్ల మీద జడపిన్ను మలుపులకు మన రోడ్డు ప్రమాణాలు పెట్టిన కనీస వ్యాసార్ధం, లోపలి వంపు దగ్గర, 14 మీటర్లు. వేగం గంటకు 20 కిలోమీటర్లు. ఆ వంపులో 20తో తిరిగితే పక్కకు తోసే బలం భూమ్యాకర్షణలో 0.22 వంతు. 30తో తిరిగితే 0.5 వంతు. వేగం పెంచింది పది కిలోమీటర్లే, తోపు మాత్రం రెండింతలు దాటింది.

1,350 కిలోల కారు, బరువు కేంద్రం నేలకు 55 సెంటీమీటర్ల ఎత్తున, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం 150 సెంటీమీటర్లు. 0.5 తోపులో లోపలి చక్రాల మీది నుంచి బయటి చక్రాల మీదికి మారే బరువు దాదాపు 250 కిలోలు. స్ప్రింగులు గట్టివైతే ఈ మార్పిడి తగ్గుతుందని ఎంతోమంది నమ్ముతారు. తగ్గదు. ఆ లెక్కలో స్ప్రింగు ఊసే లేదు, చూడండి. ఉన్నవి బరువు, ఎత్తు, వెడల్పు, వేగం, వంపు. అందుకే ఎత్తయిన ఎస్‌యూవీకి ఎంత గట్టి స్ప్రింగులు వేసినా కిందికి వాలి ఉండే సెడాన్ కాలేదు.

స్ప్రింగు మార్చేది ఒరుగుడును. ఒరుగుడును తగ్గించే యాంటీ రోల్ బార్ లేకుండా లెక్క కడితే అదే మలుపులో 20 కిలోల స్ప్రింగులున్న బండి దాదాపు 4.4 డిగ్రీలు ఒరుగుతుంది, 30 కిలోలది 2.8. తక్కువ ఒరిగే బండి స్టీరింగు తిప్పగానే మాట వింటుంది. ఎదురుగా గేదె అడ్డం వచ్చి చటుక్కున ఎడమకు, వెంటనే కుడికి తిప్పాల్సి వస్తే ఈ తేడాకు ప్రాణమంత విలువ. 1997 అక్టోబరులో స్వీడన్‌లో ఒక మోటారు పత్రిక సరిగ్గా ఇలాంటి పరీక్ష పెడితే కొత్త మెర్సిడెస్ ఏ క్లాస్ పల్టీ కొట్టింది. కంపెనీ సస్పెన్షన్‌ను సవరించి, జారుడును అదుపు చేసే ఈఎస్‌పీని అన్ని బండ్లకూ ఇచ్చింది. గట్టి సస్పెన్షన్ వట్టి కుర్రకారు సరదా అని కొట్టిపారేసేవాళ్లు ఈ ఘటనను గుర్తుంచుకోవాలి.

అయితే గట్టి స్ప్రింగు చేసే ఆ మేలు నున్నటి మలుపులోనే. చక్రం, బ్రేకు, హబ్ కలిసి 40 కిలోలనుకుంటే, టైరు గాలి స్ప్రింగు మీద ఆ బరువు సెకనుకు దాదాపు 12 సార్లు ఎగిరే లయలో ఉంటుంది. గతుకులున్న మలుపులో స్ప్రింగు మరీ గట్టిదైతే చక్రం గుంతలోకి దిగలేక పైపైన దూకుతుంది. గాల్లో ఉన్న టైరుకు పట్టు సున్నా. మన జిల్లా రోడ్ల మీద మలుపుల్లో తారు లేచిపోయి ఉండటం మామూలే. అక్కడ కాస్త మెత్తని బండే నేలను గట్టిగా పట్టుకుంటుంది. రేసు ట్రాక్ మీద రాసిన తీర్పును మన రోడ్డుకు తెచ్చి అంటించడం నాకు ససేమిరా నచ్చదు.

అమ్మ నడుం దగ్గరికి వద్దాం. వెనక సీటు ముందు సీటు కన్నా ఎక్కువ కొట్టడానికి రెండు కారణాలు. మొదటిది బరువు. చిన్న కారులో వెనక ఒక్కో చక్రం మీద 250 కిలోలే ఉంటే, 25 కిలోల స్ప్రింగు 10 సెంటీమీటర్లు కుంగి 1.6 హెర్ట్జ్‌లో ఉంటుంది. ముగ్గురు ఎక్కి, డిక్కీలో పెళ్లి సామాను వేస్తే ఆ బరువు 375 కిలోలవుతుంది, కుంగుడు 15, ఊపు 1.3. ఒక్కరే వెళ్లినప్పుడు కొట్టిన బండి కుటుంబమంతా ఎక్కగానే మెత్తబడేది అందుకే. నిండు బరువుకు వెనక భాగం నేలకు ఆనకూడదు కాబట్టి కంపెనీ ఆ స్ప్రింగును అంతకన్నా మెత్తగా వేయలేదు.

రెండో కారణాన్ని తేల్చినవాడు మోరిస్ ఓలీ. రోల్స్ రాయిస్ నుంచి 1930లో అమెరికాలోని క్యాడిలాక్‌కు వెళ్లిన బ్రిటిష్ ఇంజినీరు. బరువులు అటూఇటూ జరపగలిగేలా ఒక పెద్ద కారును మార్చి, తనూ తోటివాళ్లూ అందులో తిరిగి ఒంటికి ఏది హాయిగా ఉందో చూశాడు. గతుకు మొదట ముందు చక్రానికి తగులుతుంది. చక్రాల మధ్య 2.5 మీటర్లుంటే, 60 కిలోమీటర్ల వేగంలో వెనక చక్రానికి తగిలేది 0.15 సెకను తరవాత. రెండు చివరలూ ఒకే లయలో ఊగితే బండి ఉయ్యాల బల్లలా ముక్కు దించి తోక ఎత్తుతుంది. వెనక స్ప్రింగుల ఊపు కాస్త వేగంగా ఉంటే అది పరుగెత్తి ముందు భాగాన్ని అందుకుంటుంది, బండి మట్టంగా లేచి దిగుతుంది. ముందు మెత్తన, వెనక గట్టి అన్న సూత్రం అలా నిలబడింది. వెనక కూర్చునేవాళ్లు చెల్లిస్తున్న మూల్యం అదే.

కొన్నాక మనం చేసే మార్పులతో ఈ లెక్కంతా తలకిందులవుతుంది. 185/65 ఆర్15 టైరు తీసి 195/55 ఆర్16 వేస్తే చక్రం మొత్తం వ్యాసం దాదాపు అంతే ఉంటుంది, పక్క గోడ ఎత్తు మాత్రం 120 నుంచి 107 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. మొదటి కుదుపును మింగేది ఆ రబ్బరూ గాలీనే. అందులో 13 మిల్లీమీటర్లు అందం కోసం వదులుకున్నట్టు. బండి కిందికి దిగాలని స్ప్రింగు చుట్టు కోయించడం ఇంకా ప్రమాదం. పనిచేసే చుట్లు ఆరుంటే ఒకటి కోయగానే స్ప్రింగు 20 శాతం గట్టిపడుతుంది, పైగా అణగడానికి ఉన్న చోటూ తగ్గుతుంది. ప్రమాణం ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు, పొడవు 3.7 మీటర్లు. మన వీధుల్లో ఉన్నవి ఎన్ని ఆ కొలతలో ఉన్నాయో మీకు తెలుసు. చోటు అయిపోయిన సస్పెన్షన్ రబ్బరు స్టాపర్‌కు గుద్దుకున్నప్పుడు ఇక ఏ హెర్ట్జ్ లెక్కా ఉండదు, ఇనుము ఇనుమును కొట్టినట్టే.

మన రోడ్లకు ఏది సరి అని అడిగితే నా తీర్పు ఇది: 1.3 చుట్టూ ఉండే స్ప్రింగు, దానికి తగ్గ మంచి షాకబ్సార్బర్, ఎత్తయిన పక్క గోడ ఉన్న టైరు. ఒరుగుడు తగ్గించే పని యాంటీ రోల్ బార్‌కు వదిలేయాలి. రోజూ హైవే మీద ఒంటరిగా వంద కిలోమీటర్ల వేగంతో పోయేవారికైతే 1.5 దాకా వెళ్లినా తప్పులేదు. 2 హెర్ట్జ్ మన ఊళ్లకు వద్దు.

ఈ అంకెలు బ్రోషర్‌లో ఉండవు. అందుకే ఈసారి బండి చూడటానికి వెళ్లినప్పుడు ఇంట్లో పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లండి. స్టీరింగు వేరేవాళ్లకిచ్చి మీరు వెనక కూర్చోండి, షోరూమ్ వాళ్లు చూపించే దారి కాకుండా మీ వీధి దారి పట్టించండి. అడ్వాన్సు ఆ తరవాతే కట్టండి.