శీతల వాహనాల్లో కంప్రెసర్ వేడెక్కకుండా జాగ్రత్తలు

మామిడి కోతలు ముమ్మరంగా సాగే రోజుల్లోనే ఎండలు 40 డిగ్రీల సెల్సియస్ దాటుతాయి. శీతల వాహనంలోని కంప్రెసర్‌పై అధిక భారం పడేదీ అప్పుడే. అది మార్గమధ్యంలో ఆగిపోతే కాయలు గమ్యం చేరకముందే పండి కుళ్లిపోతాయి.

శీతల వాహనం చల్లని సరుకును చల్లగా ఉంచడానికే గాని, వేడి కాయలను చల్లార్చడానికి ఉద్దేశించినది కాదు. తోట నుండి నేరుగా నింపితే కంప్రెసర్ విరామం లేకుండా పనిచేయవలసి వస్తుంది. కనుక కాయలను ముందుగానే 13 డిగ్రీల వరకు చల్లబరచి, గాలి ప్రసరించేలా పెట్టెలు అమర్చాలి. ఉష్ణోగ్రతను ఇంకా తగ్గించి అమర్చితే కంప్రెసర్‌కు శ్రమ, కాయలకు శీతల గాయం తప్పవు.

కండెన్సర్ రెక్కలపై దుమ్ము పేరుకుంటే వేడి బయటకు పోక పీడనం పెరుగుతుంది. కంప్రెసర్ వేడెక్కి, నూనె పలుచబడి, లోపలి భాగాలు అరుగుతాయి. చాలా కంప్రెసర్లను తిరిగివచ్చే చల్లని వాయువే చల్లబరుస్తుంది. అందువల్ల రిఫ్రిజిరెంట్ కారిపోయినా ఇదే ముప్పు.

ప్రయాణానికి ముందు కండెన్సర్, ఫ్యాను, బెల్టు, నూనె మట్టం పరీక్షించాలి. వేడికి ఆగిపోయిన యంత్రాన్ని కారణం తెలుసుకోకుండా పదేపదే నడపరాదు.