మిగులు గుడ్డ ముక్కలతో దుస్తుల తయారీ

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- మిగులు గుడ్డ ముక్కలను పీచును బట్టి, కొలతను బట్టి వేరు చేయగలుగుతారు.
- అంచు లేని ముక్కలో పడుగు, పేక దిశలను గుర్తించగలుగుతారు.
- అతుకులకు పోయే గుడ్డను లెక్కకట్టి ఒక చిన్న గౌనును కత్తిరించగలుగుతారు.
- ముక్కలతో కుట్టడం ఎప్పుడు గిట్టుబాటు అవుతుందో వివరించగలుగుతారు.

1. పరిచయం

వికారాబాద్ జిల్లాలో తాండూరు పేరు చెప్పగానే నాపరాళ్ళు, కందులు గుర్తుకు వస్తాయి. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఇది సిరిసిల్లలా మరమగ్గాల పట్టణం కాదు. పొరుగున ఉన్న నారాయణపేటలా చేనేత చీరలకు పేరుపడినదీ కాదు. కాబట్టి ఈ ప్రాంతంలో మిగులు గుడ్డ ప్రధానంగా మూడు చోట్ల దొరుకుతుంది.

మొదటిది ఇంటి బీరువా. ఆడపడుచులకు ఒడిబియ్యం పోసినప్పుడు, నోములకు, పెళ్ళిళ్ళకు రవిక ముక్కలు పెట్టడం మన ఆచారం. ఈ ముక్కనే తెలంగాణలో కనుము అని కూడా అంటారు. సాధారణంగా 80 సెంటీమీటర్లో, మీటరో ఉండే ఈ ముక్కలు కొందరికి రవికకు చాలవు. రంగు చీరకు నప్పక మరికొన్ని మడత విప్పకుండానే ఉండిపోతాయి. రెండవది దర్జీ బల్ల కింద చేరే కత్తిరింపు ముక్కలు. మూడవది బట్టల దుకాణాల్లో తాను చివర మిగిలే కట్‌పీసులు. వికారాబాద్‌లో గాని, తాండూరులో గాని ఇంట్లో మిషన్ పెట్టుకున్న మహిళకు ఈ మూడూ అందుబాటులో ఉండేవే.

మామూలు కుట్టుపనిలో ముందు దుస్తును నిర్ణయించుకుంటాం. తరువాత దానికి సరిపడా గుడ్డ కొంటాం. ముక్కలతో పనిచేసేటప్పుడు ఈ వరుస తిరగబడుతుంది. గుడ్డ ముందే మన చేతిలో ఉంది. అది ఏ దుస్తుకు సరిపోతుందో మనం కనిపెట్టాలి. అందుచేత ఈ పనిలో కత్తెర కన్నా ముందు టేపు, కాగితం, పెన్సిలు కావాలి. పాఠమంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

2. ముక్కల దుస్తులు కొత్తవి కావు

పాత చీరలు, ధోవతులు పొరలుగా పరచి, పైన ముక్కలు వేసి కుట్టిన బొంత మన ఇళ్ళలో అందరికీ తెలిసినదే. ఈ జిల్లాలోని తండాల్లో పెద్ద వయసు లంబాడీ స్త్రీలు ధరించే పేటియా, కాంచళి, టుక్రిలను గమనించండి. రంగురంగుల ముక్కలు, అద్దాలు, పట్టీలు కలిపి కుట్టడమే వాటి అందానికి మూలం. అక్కడ అతుకును దాచరు, అలంకారంగా చూపిస్తారు.

ఇంకా వెనక్కి వెళితే బౌద్ధ భిక్షువుల చీవరం కనిపిస్తుంది. మగధ దేశపు వరి మళ్ళు, వాటి మధ్య గట్లు ఎలా ఉంటాయో ఆ తీరులో ముక్కలు కలిపి చీవరం కుట్టాలని బుద్ధుడు ఆనందునికి చెప్పినట్లు వినయ పిటకం పేర్కొంటుంది. ఆధునిక కాలంలో, రెండవ ప్రపంచ యుద్ధ సమయాన బ్రిటన్ 1941 జూన్ 1న దుస్తులకు రేషన్ విధించింది. ఉన్న గుడ్డనే సరిచేసుకుని వాడుకోవడం నేర్పుతూ 1943లో అక్కడి ప్రభుత్వం ఒక చిన్న పుస్తకం ప్రచురించింది. అంటే కొరత, ఆచారం, అందం అనే మూడు కారణాల వల్లా మనుషులు ముక్కలను కలిపి కుట్టారు.

3. ముక్కలను వేరు చేయడం

ముక్కలను రంగును బట్టి కాక, మొదట పీచును బట్టి వేరు చేయాలి. నూలు గుడ్డ మొదటి ఉతుకులో కుదించుకుపోతుంది. పాలిస్టరు దాదాపు కుదించుకుపోదు. ఈ రెండింటినీ పక్కపక్కన అతికితే మొదటి ఉతుకుకే అతుకు వెంట ముడతలు పడతాయి. తరువాత ఎంత ఇస్త్రీ చేసినా అవి పోవు.

పీచు ఏదో తెలియనప్పుడు ముక్క నుంచి నాలుగు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని, పక్కన నీళ్ళ గిన్నె ఉంచుకుని కాల్చి చూడండి. నూలు కాగితం కాలిన వాసన వేసి మెత్తని బూడిద అవుతుంది. పాలిస్టరు కరిగి గట్టి పూసలా మారుతుంది. పట్టు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది. దాని నల్లని బూడిద వేళ్ళతో నలిపితే పొడి అవుతుంది.

తరువాత నూలు ముక్కలన్నిటినీ కొన్ని గంటలు నీళ్ళలో నానబెట్టి, నీడలో ఆరబెట్టి, ఇస్త్రీ చేయాలి. ముదురు రంగు ముక్కలను విడిగా నానబెట్టండి. తడి ముక్కపై తెల్లగుడ్డ అద్ది చూస్తే రంగు దిగుతుందో లేదో తెలుస్తుంది. రంగు దిగే ముక్కను లేత రంగు ముక్క పక్కన వాడకూడదు.

చివరగా ప్రతి ముక్కకు పొడవు, పన్నా కొలిచి, ఆ అంకెలు రాసిన చిన్న కాగితాన్ని గుండుసూదితో గుచ్చి పెట్టండి. ముక్క వంకరగా ఉంటే అందులో ఇమిడే అతిపెద్ద దీర్ఘచతురస్రం కొలతనే రాయాలి. మనకు నిజంగా ఉపయోగపడే గుడ్డ అంతే.

4. పడుగు, పేక, ఏటవాలు

తానులో నిలువుగా సాగే దారాలు పడుగు, అడ్డంగా సాగేవి పేక. నేత అంచు ఎప్పుడూ పడుగు దిశలోనే ఉంటుంది. అంచు లేని ముక్కను రెండు చేతులతో లాగి చూడండి. తక్కువ సాగే దిశ సాధారణంగా పడుగు, కొంచెం ఎక్కువ సాగే దిశ పేక. మూల నుంచి మూలకు లాగితే బాగా సాగుతుంది. అదే ఏటవాలు; దర్జీలు దీన్ని క్రాస్ అంటారు.

దుస్తు నిలువుకు పడుగు ఉంటే అది జారకుండా, మెలి తిరగకుండా నిలుస్తుంది. ముక్క సరిపోవడం లేదని ఒకదాన్ని నిలువుగా, పక్కదాన్ని ఏటవాలుగా పెట్టి అతికితే రెండూ వేర్వేరుగా సాగి కింది అంచు ఎగుడుదిగుడు అవుతుంది. దిశ గుర్తించగానే సుద్దతో బాణం గుర్తు వేసుకోవడం మంచి అలవాటు. ఏటవాలు పట్టీలను మెడ, చంక చుట్టూ పైపింగుకు వాడాలి. వంపు తిరిగే చోట అవి ముడత పడకుండా ఒదుగుతాయి.

5. అతుకు లెక్క

అతుకుకు ఒక్కో వైపు అర అంగుళం చొప్పున వదులుతాం. కాబట్టి ప్రతి అతుకు 1 అంగుళం గుడ్డను తీసుకుంటుంది. ఇక్కడ రెండు సూత్రాలు గుర్తుంచుకోవాలి.

- ముక్కలను వరుసగా అతికి పట్టీ చేస్తే, అతుకుల సంఖ్య ముక్కల సంఖ్య కన్నా ఒకటి తక్కువ. 4 ముక్కలకు 3 అతుకులు.
- ఆ పట్టీ చివరలను కూడా కలిపి గుండ్రంగా చేస్తే, ఎన్ని ముక్కలో అన్ని అతుకులు. 4 ముక్కలకు 4 అతుకులు.

6. నమూనా: రెండేళ్ళ పాపకు యోకు గౌను

పాప ఛాతీ 21 అంగుళాలు, గౌను పొడవు 18 అంగుళాలు అనుకుందాం. మన దగ్గర మూడు రకాల నూలు ముక్కలు ఉన్నాయి. పన్నా అడ్డంగా 36, నిలువు 7 అంగుళాలు ఉన్న పూల ముక్క ఒకటి. అడ్డం 44, నిలువు 9 అంగుళాలు ఉన్న సాదా ముక్క ఒకటి. ఇవి కాక వేర్వేరు రంగుల చిన్న ముక్కలు నాలుగు.

యోకు: ఛాతీ 21కి వదులు 4 కలిపితే 25 అంగుళాలు. అందులో సగం 12½. ముందు భాగానికి రెండు పక్కల కుట్టు కలిపి 13½ అడ్డం కావాలి. వెనుక భాగం మధ్యలో తెరుచుకోవాలి కాబట్టి రెండు సగాలు. ఒక్కోటి 6¼, పక్క కుట్టుకు ½, బొత్తాల పట్టీకి 1¼, మొత్తం 8 అంగుళాలు. యోకు నిలువు 5½కి పైకుట్టు, కిందికుట్టు కలిపితే 6½. మొత్తం అడ్డం 13½ + 8 + 8 = 29½. పూల ముక్క 36 × 7 కాబట్టి యోకు అందులో సరిపోతుంది. పక్కన 6½ × 7 ముక్క మిగులుతుంది; దాన్ని మెడ పైపింగుకు ఉంచండి. 6½ అంగుళాల చదరంలో మూల నుంచి మూలకు సుమారు 9 అంగుళాలే వస్తుంది. కాబట్టి 1¼ అంగుళాల వెడల్పున రెండు ఏటవాలు పట్టీలు తీసి కలపాలి.

కుచ్చుల భాగం: 18లో యోకు 5½ పోగా 12½ కావాలి. పైకుట్టుకు ½, కింది మడతకు 1 కలిపితే 14. సాదా ముక్క నిలువు 9 మాత్రమే. కింద మరో పట్టీ అతకాలి. ఆ అతుకుకు 1 కలిపితే మొత్తం 15 అవుతుంది. 15లో 9 పోతే కింది పట్టీ నిలువు 6 అంగుళాలు.

కింది పట్టీ అడ్డం: సాదా ముక్క 44ను వెనుక కలిపితే చుట్టుకొలత 43 అవుతుంది. నాలుగు రంగుల ముక్కలతో చేసే పట్టీ కూడా కుట్టిన తరువాత 43 ఉండాలి. 44ను 4తో భాగించి ఒక్కో ముక్క 11 కత్తిరిస్తే ఏమవుతుంది? 44లో నాలుగు అతుకులు పోయి 40 మిగులుతుంది. 3 అంగుళాలు తక్కువ. సరైన లెక్క ఇది: 43కు 4 కలిపితే 47, దాన్ని 4తో భాగిస్తే 11¾. అంటే 11¾ × 6 అంగుళాల ముక్కలు నాలుగు కత్తిరించాలి.

కుట్టే వరుస: ముందు నాలుగు ముక్కలను గుండ్రంగా కలపండి. తరువాత వెనుక కలిపిన సాదా ముక్కకు దాన్ని అతకండి. పైన కుచ్చులు పట్టి, భుజాలు, పక్కలు కలిపిన యోకుకు జోడించండి. చివర మెడ, చంకల పని, కింది మడత. ఒక్కో అతుకు కుట్టగానే ఇస్త్రీ చేసి తరువాతి అతుకుకు వెళ్ళాలి.

7. అతుకు ఎక్కడ ఉండాలి?

భుజం మీద, చంక కింద, కూర్చునే చోట లాగుడు ఎక్కువ. అక్కడ అదనపు అతుకు ఉంటే తొందరగా విడిపోతుంది. కింది అంచు, చేతి చివర, జేబు, పక్క పట్టీ వంటి చోట్ల అతుకు ఎక్కువ కాలం నిలుస్తుంది. పసిపిల్లల దుస్తుల్లో అతుకు లోపలి అంచులు ఒంటికి రాసుకోకుండా లైనింగు వేయాలి, లేదా అంచులు మడిచి కుట్టాలి. జరీ, ముతక నెట్ ముక్కలను పసివారి ఒంటికి తగిలే చోట వాడకూడదు.

ఒక్క ముక్క తక్కువైతే రెండు వైపులా సమానంగా అతకండి. ఒక చేతికి మాత్రమే వేరే రంగు పట్టీ ఉంటే గుడ్డ చాలలేదని చూసినవారికి తెలిసిపోతుంది. రెండు చేతులకూ, మెడకూ అదే రంగు వస్తే అది డిజైను అవుతుంది.

8. గిట్టుబాటు, నమ్మకం

ముక్కలు ఉచితంగా వచ్చినా కుట్టేవారి సమయం ఉచితం కాదు. ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. కొత్త గుడ్డతో గౌనుకు 2 గంటలు, ముక్కలతో 3½ గంటలు పడుతుందనుకోండి. గుడ్డ కొననందువల్ల 120 రూపాయలు ఆదా. అదనపు గంటన్నరకు గంటకు 60 చొప్పున 90 రూపాయలు. నికరంగా మిగిలింది 30. అదే ముక్కలను 60 రూపాయలు పెట్టి కట్‌పీసులుగా కొని ఉంటే 30 రూపాయలు నష్టం. చాలామంది మహిళలు తమ గంటలను లెక్కలో వేసుకోరు. అందువల్లనే నష్టం కూడా ఆదాలా కనిపిస్తుంది.

సమయం తగ్గించడానికి మార్గం ఉంది. తరచూ పనికివచ్చే 11¾ × 6 వంటి కొలతలకు అట్ట నమూనాలు చేసుకోండి. ముక్క వచ్చిన రోజే ఆ కొలతకు కత్తిరించి కట్టలు కట్టండి. నాలుగైదు గౌనుల పట్టీలను ఒకేసారి కుట్టండి. ముక్కలను వెతకడానికి, ప్రతిసారీ కొలవడానికి పట్టే సమయం మిగులుతుంది.

మరో ముఖ్య విషయం, ఆ ముక్క ఎవరిది అన్నది. గిరాకీ తెచ్చిన గుడ్డలో మిగిలిన భాగం గిరాకీదే. కుట్టిన బట్టతోపాటు దాన్ని మడిచి ఇచ్చేయాలి. వద్దంటేనే ఉంచుకోవాలి. తెలంగాణలో 2024లో బడి పిల్లల ఏకరూప దుస్తులు కుట్టే పనిని మహిళా స్వయం సహాయక సంఘాలకు అప్పగించారు. అటువంటి పెద్ద పని తీసుకునే సంఘాలు మిగులు గుడ్డ ఎవరికి చెందుతుందో ముందే అడిగి, రాసి పెట్టుకోవడం మంచిది. వికారాబాద్, తాండూరు వంటి పట్టణాల్లో మాట నోటి నుంచి నోటికి పోతుంది. ఒక్క మీటరు దగ్గర పోయిన నమ్మకం చాలామంది గిరాకీలను దూరం చేస్తుంది.

సారాంశం

ముక్కలతో కుట్టేటప్పుడు గుడ్డే దుస్తును నిర్ణయిస్తుంది. ముక్కలను పీచును బట్టి వేరు చేసి, నానబెట్టి, కొలిచి, దిశ గుర్తించిన తరువాతే కత్తెర పట్టాలి. ప్రతి అతుకుకు 1 అంగుళం కలపాలి. గుండ్రని పట్టీలో ఎన్ని ముక్కలో అన్ని అతుకులు. లాగుడు తక్కువగా ఉన్న చోట అతుకు పెట్టాలి. గుడ్డతోపాటు మీ గంటలకూ వెల కట్టాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. నూలు, పాలిస్టరు ముక్కలను పక్కపక్కన ఎందుకు అతకకూడదు?
2. కుట్టిన తరువాత చుట్టుకొలత 54 అంగుళాలు ఉండేలా 6 ముక్కలతో గుండ్రని పట్టీ కావాలి. ఒక్కో ముక్క అడ్డం ఎంత కత్తిరించాలి?
3. మీ ఇంట్లో ఉన్న రవిక ముక్కల్లో ఐదింటిని కొలిచి, వాటితో ఏ దుస్తు సాధ్యమో కాగితం మీద గీయండి. పట్టే సమయాన్ని కూడా అంచనా వేయండి.

2వ ప్రశ్నకు జవాబు: 54కు 6 కలిపితే 60, 6తో భాగిస్తే 10 అంగుళాలు.