ఉపాధ్యాయుల పరస్పర సహకారము

ఒక పాఠశాలలో పదిమంది ఉపాధ్యాయులున్నను విద్యార్థి యొక్కడే. ఉదయమున తెలుగు చదివిన బాలుడే మధ్యాహ్నమున తమిళమును, గణితమును చదువుచున్నాడు. ఉపాధ్యాయుల పనులు విడివిడిగా నున్నట్లు కన్పట్టినను వాని ఫలితము ఒకే బాలునియందు కలియుచున్నది. కావున ఉపాధ్యాయుల సహకారము మర్యాదకు మాత్రమే గాక విద్యకును సంబంధించిన విషయమని మేము తలంచుచున్నాము.

తమిళనాటి తెలుగు పాఠశాలలకు ఈ సహకారము మరింత యవసరము. అల్పసంఖ్యాక భాషల బాలబాలికలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు విద్య గరపుటకు తగిన సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని 1956 లో రాజ్యాంగమున చేర్చబడిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది. 2006 లో తమిళ అభ్యసన చట్టము వచ్చినది. 2006-07 నుండి ఒకటవ తరగతి మొదలుకొని ఏటేట పై తరగతులకు తమిళ బోధన విస్తరించినది. ఇట్లు రెండు భాషలు బోధించువారు ఒకే గదిలో కూర్చుండి పనిచేయవలసి యున్నది.

ఇచ్చటనే అపోహలు పుట్టును. తమిళలిపిలో క, ఖ, గ, ఘ లకు ఒక్కటే యక్షరము. త, థ, ద, ధ లకును అంతే. రెండు లిపులు నేర్చుకొను బాలుడు ‘ధనము’ను ‘దనము’ అనియు, ‘ఘటము’ను ‘గటము’ అనియు వ్రాయవచ్చును. తమిళము వలన తెలుగు చెడుచున్నదని తెలుగు పండితుడనును. ‘తమిళము’ అను పేరుననే యున్న ప్రత్యేకాక్షరమును మన పిల్లలు ళకారముగా పలుకుదురని తమిళ పండితుడనును. ఇరువురును కలసి కూర్చుండినచో ఈ తప్పులే పాఠమగును. ఆ ప్రత్యేకాక్షరమున్న చోట తెలుగున తరచుగా డకారముండును. మన ‘ఏడు’, ‘కోడి’ అను మాటలకు సమానమైన తమిళపదములలో నున్నది ఆ యక్షరమే. ఇట్టి మాటల పట్టిక నొకదానిని ఇరువురును కలసి వ్రాసి గోడకు తగిలించినచో రెండు భాషలకును మేలు కలుగును.

గణితమునందును ఇట్టిదే కలదు. క్రింది తరగతిలో గ.సా.కా. అని నేర్పిన దానినే పై తరగతిలో గ.సా.భా. అనినచో బాలుడు దానిని క్రొత్త లెక్క యనుకొనును. ఇద్దరు ఉపాధ్యాయులు పది నిమిషములు మాటలాడుకొనిన తీరు చిక్కు ఇది.

అందుచే మేము ప్రతి శుక్రవారము బడి విడిచిన పిమ్మట అరగంట సమావేశ మగుచున్నాము. అందు మూడు సంగతులే చర్చింతుము: రాబోవు వారపు పాఠములు, ఇంటిపని మొత్తము, వెనుకబడిన విద్యార్థులు. ముగ్గురు ఉపాధ్యాయులు ఒకరికి తెలియకుండ నొకరు గంటేసి పని ఇచ్చినచో బాలునికి మూడు గంటలగును. ఈ సంగతి అందరును ఒకచోట చేరినపుడే బయటపడును.

ఫిర్యాదున్నచో సంబంధించిన వారితోనే ఏకాంతమున చెప్పవలెను. విద్యార్థుల యెదుటగాని, తలిదండ్రుల యెదుటగాని సహోపాధ్యాయుని తేలిక చేయరాదు. బాలునికి ఒక గురువుపై గౌరవము పోయినచో మరియొక గురువుపై నిలుచునా?

ప్రధానోపాధ్యాయుని బాధ్యత వేరుగా నున్నది. 2009 విద్యాహక్కు చట్టము 27వ సెక్షను ప్రకారము జనగణన, విపత్తు సహాయము, ఎన్నికల విధులకు ఉపాధ్యాయులను నియోగింపవచ్చును. అట్టి సమయమున వారి తరగతులను ఎవరు చూడవలెనను ప్రశ్న వచ్చును. ఎవరికెన్ని అదనపు పీరియడ్లు వచ్చినవో పుస్తకమున వ్రాసి, అందరును చూచునట్లుంచినచో పక్షపాతమను మాటకు తావుండదు. ఒకరి మాట మాత్రమే విని తీర్పు చెప్పరాదు.

పిల్లలు తగ్గినచో తరగతి తగ్గును. తరగతి తగ్గినచో ఉద్యోగము పోవును. పిమ్మట తెలుగు చదువునకు చోటే యుండదు. ఉపాధ్యాయులలో కలహమున్నదని విన్న తండ్రి తన బిడ్డను వేరొక బడికి పంపుటకు వెనుదీయడు. ఒక ఒరలో రెండు కత్తులిమడవందురు. కాని ఒక బాలుని నాలుకపై రెండు భాషలు చక్కగా ఇముడును. వానిని నేర్పు వారు ఒక గదిలో ఇముడుటయే మన పాఠశాలలకు శ్రీరామరక్ష.